పెట్టె తాళంచెవి టీచరమ్మగారి దగ్గర ఉండేది

మా టీచరమ్మగారు పోయారు. పోయిన ఆదివారం చందర్లపాడు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "సిస్టర్ గారూ, అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందండి" అంది. నేను డ్యూటీలో ఉన్నాను. ఫోన్ పెట్టేసి ఇద్దరికి ఇంజక్షన్లు చేశాను, ఒకాయనకి కట్టు మార్చాను. ఆ తరవాత దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఆవిడ నాకు చదువు చెప్పిన టీచరు కాదు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య హైవే దిగి లోపలికి వెళితే వచ్చే చిన్న సర్కారు ఆస్పత్రి మాది. ఊరి పేరు రాయను. తొంభైల చివర్లో ఆ ఆస్పత్రికి సలహా కమిటీ వేసినప్పుడు, ప్రజల తరఫున ఒకరుండాలని రిటైరైన ఈవిడ పేరు రాశారు. జీతం లేని పని. మిగతా సభ్యులు వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఈవిడ మాత్రం ప్రతి గురువారం పొద్దున్నే బస్సు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని, రోగుల లైనులో నిలబడేవారు.

"మీరు లోపలికి రండి టీచర్ గారూ" అని డాక్టరుగారు పిలిస్తే, "ఎంతసేపు నుంచోవాల్సొస్తుందో చూద్దామనండి" అనేవారు. కుండలో నీళ్ళు తాగి చూసేవారు. ఖాళీ మంచం కనిపిస్తే ఎక్కి పడుకుని, ఫ్యాను గాలి తగులుతుందో లేదో చూసి లేచేవారు. మాకు నవ్వొచ్చేది. కోపమూ వచ్చేది.

పట్టుబట్టి గోడకి ఫిర్యాదుల పెట్టె పెట్టించింది ఆవిడే. రెండు షరతులు పెట్టారు. తాళంచెవి తన దగ్గరే ఉండాలి. అందులో పడిన కాగితం ఎవరి గురించయితే వాళ్ళే, మీటింగులో నిలబడి, పైకి చదవాలి. రాయడం రాని వాళ్ళకి తనే బెంచీ మీద కూర్చుని రాసిపెట్టేవారు. దారిలో కొట్ల బోర్డుల మీద ఒత్తు తప్పుంటే ఆగి చెప్పి మరీ దిద్దించే మనిషి, వాళ్ళ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాసేవారు. ఒకసారి నేను ఎగతాళి చేస్తే, "అది వాళ్ళ బాధమ్మా, నా క్లాసు పిల్లల వ్యాసం కాదు దిద్దటానికి" అన్నారు. అడిగి రాయించుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు ఖాళీ మాత్రల అట్టో, చీముపట్టిన కట్టుగుడ్డో పెట్టెలో వేసిపోయేవారు. ఆవిడ అది తెచ్చి మీటింగు బల్ల మీద పెట్టి, "ఇదెవరి పనండీ?" అని అడిగేవారు.

నిజం చెప్పాలంటే నాకావిడంటే ఒళ్ళు మంట. అసలే నాకు నోరెక్కువ. "రిటైరయ్యాక ఇంట్లో కూర్చోక మా ప్రాణాలు తీస్తోంది" అని వినపడేటట్టే అనేదాన్ని. విని కూడా, "ఇవాళ ఏం కూరమ్మా తెచ్చుకున్నావు?" అని అడిగేవారు.

పెట్టె పెట్టిన మరుసటి ఏడు మిరప కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఒకావిడ కోడలికి నొప్పులని తీసుకొచ్చింది. మంచాలు నిండి ఉన్నాయి, నాకు చిరాగ్గా ఉంది. సరిగ్గా చూడకుండానే "ఇంకా టైముంది" అని, చీటీ మీద 'రేపు రావలెను' అని రాసి పంపేశాను. సాయంత్రం మళ్ళీ నొప్పులెక్కువై ఆటోలో తీసుకొస్తుంటే, చిల్లకల్లు దాటకముందే పురుడొచ్చింది. బిడ్డ దక్కలేదు.

ఆ అత్తగారికి రాయడం రాదు. నేను రాసిన చీటీనే తెచ్చి పెట్టెలో వేసింది.

గురువారం టీచరమ్మగారు పెట్టె తెరిచి నేరుగా నా దగ్గరికి వచ్చారు. "ఈ చేతిరాత నీదేనా అమ్మాయ్?"

"మీ కాళ్ళు పట్టుకుంటా టీచర్ గారూ. నా ఉద్యోగం పోద్దండీ. ఇద్దరు పిల్లలండీ నాకు" అన్నాను.

"నేను దాచను. నువ్వే చదువు" అన్నారు.

డాక్టరుగారు కూడా అడ్డం వచ్చారు. "పోనివ్వండి టీచర్ గారూ, ఇట్టాంటివి జరుగుతుంటాయి."

"జరిగిందే చదవమంటున్నానండి."

మీటింగులో లేచి నిలబడ్డాను. చదవాల్సింది రెండే మాటలు. నోట్లోనే గొణిగాను. "గట్టిగా చదువమ్మా, వెనకాల వాళ్ళకి వినపడట్లేదు" అన్నారావిడ. వెనకాల గుమ్మం దగ్గర ఆ అత్తగారు నిలబడి ఉంది. గట్టిగా చదివాను. చదివి, తప్పు నాదేనని చెప్పాను.

నన్ను అక్కడ్నుంచి పంపించెయ్యాలని అందరూ అన్నారు. అప్పుడు నా తరఫున మాట్లాడింది ఆవిడొక్కరే. "తప్పొప్పుకున్న మనిషిని పంపేసి, ఒప్పుకోని వాళ్ళతో నడుపుతారా ఆస్పత్రి?" మెమోతో సరిపెట్టారు. మరుసటి ఆదివారం ఆవిడే నన్ను ఆ అత్తాకోడళ్ళ ఇంటికి తీసుకెళ్ళారు. ఆ కోడలు నావైపు చూడలేదు. అత్తగారు మాత్రం లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఎండన పడొచ్చారు, తాగండి" అంది. చెంబు రెండు చేతులా పట్టుకుని తాగాను.

నేను మనిషినైంది ఆ రోజు నుంచే. మళ్ళీ ఎవర్నీ చూడకుండా పంపలేదు. హెడ్ నర్సునయ్యాను. తరవాత తరవాత కమిటీ మూలపడింది. మీటింగుల్లేవు, అడిగే దిక్కు లేదు. టీచరమ్మగారికి మోకాళ్ళు పట్టేసి బస్సెక్కడం మానేశారు. పెట్టె మాత్రం తాళంతో గోడకి ఉండిపోయింది.

రెండు నెలల క్రితం జ్వరంతో ఆవిడ మా వార్డుకే వచ్చి, ఏడో నంబరు మంచం మీద మూడు రోజులున్నారు. ఆ తరవాత వాళ్ళమ్మాయి బెజవాడ పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. అదే ఆఖరి చూపు.

సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళమ్మాయి నా చేతిలో తాళంచెవి పెట్టింది. "మీకే ఇవ్వమందండి అమ్మ. మరీ మరీ చెప్పింది." ఇంతమందిలో నన్ను నమ్మారు కదా అని బస్సులో దారి పొడుగునా పొంగిపోయాను.

మొన్న గురువారం పెట్టె తెరిచాను. పురుగు కొట్టేసిన పాత కాగితాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికీ పైన ఒక కొత్త కాగితం, గుండ్రటి అక్షరాలతో. పైన 'హెడ్ సిస్టరు గారి గురించి' అని ఉంది. రోగుల లైను నిండుగా ఉంది. కమిటీ లేకపోతేనేం అనుకుని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాను.

"ఏడో నంబరు మంచం. మంగళవారం మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం హెడ్ సిస్టరు గారిని మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ వస్తున్నా అన్నారు. రాలేదు. పక్క మంచం అమ్మాయి లేచి తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయికి కుట్లున్నాయి."

వస్తున్నా అన్న సంగతే నాకు గుర్తు లేదు. ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. సగం నుంచి నాలో నేనే చదువుకుంటున్నట్టున్నాను. లైను చివర్లో ఉన్న ఒక ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచింది.

"గట్టిగా చదువమ్మా, మాకు వినపడట్లా!"

కాగితం మళ్ళీ పైకెత్తాను. ఏడో నంబరు మంచం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.