అవ్వ పెరుగు కుండ

పుంగనూరులో మాకు పెరుగు పోసే అవ్వ, కుండ మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూశాకే గరిటె ముంచేది. మదనపల్లెలో మైక్రోబయాలజీ చదివే రోజుల్లో, ఆ కమ్మని వాసన పాలను తిని పెరుగు చేసే సూక్ష్మజీవులు వదిలేదేనని ఆమెకు చెప్పాను.

"అంటే లోపలుండేవాళ్లు ఊపిరి వదల్తాండారా?" అంది.

"ఇంచుమించు అంతేనవ్వా" అన్నాను.

తర్వాత ఒక జ్వరం ఆమెకు వాసన తెలియకుండా చేసి పోయింది. అప్పటినుంచి పొద్దున్నే మా గడపలో కుండ దించి, "కమ్మగా ఉండాదా, పులిసిందా? సూసి సెప్పమ్మా. పులిసింది పోస్తే ఇంగెవురూ పిలవరు" అనేది. అయినా నాకంటే ముందు తనే వంగి కళ్లు మూసుకునేది.

"నీకు తెలీదు కదవ్వా, మళ్లీ యాల వాసన చూసేది?" అని ఒకసారి అడిగాను.

"నాకు తెలీకుంటే ఏమమ్మా, నేనొచ్చినట్టు లోపలుండేవాళ్లకు తెలియాల గదా" అంది.