తలుపుల బస్సు కోసం: గూడెం మీదుగా మండవల్లి దాకా

నేను అంబులెన్సులో పుట్టాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు నవ్వుతారు. డెబ్బై ఆరేళ్ళ కిందట మన వైపు రోగిని ఆసుపత్రికి చేర్చాలంటే ఎడ్లబండే దిక్కని, అంబులెన్సు ఎక్కడిదని మా ఆవిడ సత్యవతి వాదన. "బస్సులో పుట్టారు, అంతవరకూ ఒప్పుకుంటాను. అంబులెన్సంటే మాత్రం కోతలండీ," అంటుంది. కథ నాది కాదు, మా అమ్మది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన అంబులెన్సు వ్యాన్లను మన వ్యాపారులు కొందరు కొని, బస్సులుగా, లారీలుగా మార్పించుకున్నారట. అలాంటి బస్సొకటి గణపవరం నుంచి ఏలూరుకు తిరిగేది. ఎక్కడం, దిగడం వెనకనున్న రెండు రెక్కల తలుపుల్లోంచే కాబట్టి దానికి తలుపుల బస్సని పేరు. కాన్పు కష్టమై అమ్మను అందులో ఏలూరు తీసుకెళ్తుంటే, భీమడోలు దాటాక నేను తొందరపడ్డాను. డ్రైవరు బండి పక్కకు ఆపి, మగవాళ్ళందర్నీ దింపేసి, "భయపడకమ్మా, ఇది పుట్టుకతోనే ఆసుపత్రి బండి," అన్నాడట. ఆ ఒక్క మాటతో ధైర్యం వచ్చిందని అమ్మ చివరిదాకా చెప్పేది. విన్నవాళ్ళు మాత్రం, "నీ భయం పోగొట్టడానికి అలా అని ఉంటాడులే," అని కొట్టిపారేసేవారు. ఆ డ్రైవరు చెప్పింది నిజమో, ఓదార్పో తేల్చుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మొన్న ఏలూరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ఆ బస్సు యజమాని మనవడికి తాడేపల్లిగూడెంలో కొట్టు ఉందని తెలిసింది. ఇంక ఆగలేదు.

ఉదయం ఏడు దాటాక ఏలూరులో ప్యాసింజరు ఎక్కాం. టిక్కెట్టు చాలా చవక, ఇద్దరికీ కలిపి స్టేషన్లో తాగిన కాఫీల కన్నా తక్కువే అయింది. సత్యవతి ఎందుకొచ్చిందంటే, నేను ఇంటికొచ్చి ఏం చెప్పినా నమ్మాల్సిన అవసరం లేకుండా ఉండటానికట. గంటకు కొంచెం అటూ ఇటూగా గూడెంలో దిగాం. దిగగానే ఉల్లిపాయల వాసన. ఇక్కడి ఉల్లి మార్కెట్టు గురించి నేను ఒక పూట మాట్లాడగలను గానీ మీకు తిరిగే పని ఉంది కదా, వదిలేస్తున్నాను. ముందు యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే చూడాలని ఆటో మాట్లాడాను.

"రన్‌వేకా తాతగారూ? విమానం ఎప్పుడో వెళ్ళిపోయిందండీ!" అన్నాడు ఆటో అతను.

"నేను పట్టుకోవాల్సింది విమానం కాదు బాబూ, అంబులెన్సు."

అతను వెనక్కి తిరిగి సత్యవతి వైపు జాలిగా చూశాడు. "ఒంట్లో బాలేదా అండీ?"

"ఒళ్ళు బాగానే ఉంది బాబూ, నువ్వు పోనియ్," అంది.

రన్‌వే మీద ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పొడవాటి సిమెంటు నేల, పగుళ్ళలో గడ్డి, దాని మీద స్కూటీ నేర్చుకుంటున్న ఒక కొత్త పెళ్ళికూతురు, వెనక పరిగెడుతున్న మొగుడు. అయినా అక్కడ ఒక్క పది నిమిషాలు నిలబడండి. ఈ వరిచేల మధ్యకు అంత యుద్ధం ఎలా వచ్చిపడిందో, సామాను ఎలా మిగిలిపోయిందో అర్థమవుతుంది.

బస్సు యజమాని మనవడు వెంకటరత్నంగారు మోటారు పంపుల విడిభాగాలు అమ్ముతారు. మమ్మల్ని కూర్చోబెట్టి, ఫ్యాను మా వైపు తిప్పారు.

"మా తాతగారు వేలంలో రెండు వ్యాన్లు కొన్నారని విన్నానండీ. అవి అంబులెన్సులో, సరుకు బళ్ళో నాకు తెలీదు. నాకు ఊహ తెలిసేసరికి నీలం రంగు బస్సండీ."

"వెనక తలుపులుండేవా?"

"ఆయ్, ఉండేవండీ. వాటి మధ్యన పడి నా వేలు నలిగింది కూడానూ!" అని వంకర చిటికెన వేలు చూపించారు. ఆ వేలిని చూస్తే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. బస్సు పాతబడ్డాక ఇంజను, చక్రాలు విడివిడిగా అమ్మేశారట. డొక్కు మాత్రం మండవల్లి దగ్గర ఒక రైతు చేపల చెరువు గట్టు మీద కాపలా గదికని పట్టుకెళ్ళారట. వెంకటరత్నంగారు అప్పటికప్పుడు ఆ రైతు కొడుక్కి ఫోను చేశారు. పెట్టేశాక మొహం అదోలా పెట్టారు. "ఉందట అండీ. కానీ కొత్త గది కట్టుకున్నారట. రేపు పొద్దున్న పాత ఇనుమువాళ్ళు వచ్చి ముక్కలు కోసుకెళ్ళిపోతారట. వెళ్తే ఇవాళే వెళ్ళాలి."

మండవల్లి వెళ్ళి, అక్కణ్ణుంచి ఏలూరు చేర్చేలా మూడు వేలకు కారు కుదిరింది. బస్సులు మారుతూ వెళ్తే రెండు మూడు వందల్లో తేలుతుంది గానీ మాకు పొద్దు చాలదు. అమ్మ బస్సెక్కిన గణపవరం, తర్వాత ఆకివీడు, కైకలూరు. గణపవరం దాటిన దగ్గర్నుంచీ ఒక పక్క వరి, ఒక పక్క చేపల చెరువులు. ఇంకొంచెం పోతే రెండు పక్కలా చెరువులే. కొల్లేరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఇప్పుడు కష్టం. గట్ల మీద కూర్చున్న గూడకొంగలకు తెలుసేమో. దారిలో రెండుచోట్ల రోడ్డు పనులు. ఒంటిగంట దాటాక మండవల్లి చేరాం.

ఫోనులో మాట్లాడిన ఆ రైతు కొడుకు సూరిబాబుకు యాభై ఏళ్ళుంటాయి. గట్టు చివర, ఇటుకల మీద నిలబెట్టిన డొక్కు, దాని నెత్తిన తాటాకు కప్పు. వెనక రెండు రెక్కల తలుపులు! లోపల అటూ ఇటూ గోడలకు అంచెలంచెలుగా ఇనప కొక్కేలు, వాటి మీద చెక్కలు పరిచి చేపల మేత బస్తాలు.

"ఈ కొక్కేలు మీరు పెట్టించారా?" అని అడిగాను.

"లేదండీ, బండితోనే వచ్చాయి. అటకల్లా బాగున్నాయని ఉంచేశాం."

"చూశావా? స్ట్రెచర్లు పెట్టే కొక్కేలు!" అన్నాను సత్యవతితో.

"బస్సన్నాక సామాను పెట్టుకోరా ఏమిటండీ?" అంది. 

మిలిటరీ అంబులెన్సుకు పక్కలమీద ఎర్ర శిలువ గుర్తు ఉంటుంది. గీకితే బయటపడుతుందన్నాను. సూరిబాబు తల్లి మంగమ్మగారు ఇంట్లోంచి అట్లకాడ తెచ్చిచ్చారు. నేను గీకే తీరు చూసి సత్యవతి లాక్కుని తనే గీకింది. ఆకుపచ్చ రంగు పోయి నీలం వచ్చింది. నీలం కింద వట్టి రేకు. రెండో పక్కా అంతే. కిటికీలు పెట్టడానికి పక్క రేకులు మొత్తం మార్చేసినట్టున్నారు. నేను గట్టు మీద కూలబడ్డాను. డ్రైవరు మా అమ్మకు ధైర్యం చెప్పడానికే అన్నాడేమోనన్న అనుమానం నాకూ గట్టిగా పట్టుకుంది.

సత్యవతి అట్లకాడ పట్టుకుని డొక్కు చుట్టూ ఒకసారి తిరిగింది. "కిటికీల కోసం పక్కలు మార్చారు సరే. నెత్తికి కిటికీ ఎవరు పెడతారు? ఏవండీ సూరిబాబుగారూ, ఆ తాటాకు తీయించండి."

"అమ్మో, మేత తడిసిపోదాండీ?"

"రేపు ముక్కలు కోయించేదానికి ఇవాళ తాటాకెందుకండీ?"

ఆయన నిచ్చెన వేసి పైకెక్కారు. ఎండుటాకులు కిందపడ్డాయి, వాటితోపాటు రెండు తొండలు, ఒక పిచ్చుక గూడు. తర్వాత ఆయన పైన అలాగే వంగి చూస్తున్నారు.

"ఏమైందిరా?" అన్నారు మంగమ్మగారు.

"బాబాయిగారూ, మీరు పైకి రాలేరు గానీ," అని సూరిబాబు ఫోనుతో ఫోటో తీసి కిందికి అందించారు. పెచ్చులూడిన నీలం రంగు కింద మాసిపోయిన తెల్లటి గుండ్రం, దాని మధ్య వెలిసిపోయినా తేడా తెలిసే ఎరుపులో, నాలుగు చేతులూ సమంగా ఉన్న శిలువ గుర్తు.

నేను నిచ్చెన ఎక్కాను. ఎక్కొద్దని ముగ్గురూ అరుస్తూనే ఉన్నారు. రేకు చెయ్యి కాలేంత వేడిగా ఉంది. అయినా ఆ గుర్తు మీద అరచెయ్యి పెట్టి, తీయబుద్ధి కాక అలాగే ఉంచాను.

కిందికి దిగాక మంగమ్మగారికి నా పుట్టుక కథ మొత్తం చెప్పాను. ఆవిడ విని కొడుకు వైపు తిరిగారు. "పురుడు పోసిన బండిని కోయిస్తావురా? ఆ ఇనుమువాడికి ఫోను చెయ్యి, రావద్దని."

"మాటిచ్చానమ్మా."

"నేను మాట్లాడతాను, ఇలా ఇవ్వు."

ఆవిడ ఒక్క నిమిషంలో ఆ బేరం ముగించి, మాకు కొరమేను పులుసుతో అన్నం పెట్టారు. పులుసు గురించి ఇంకో వ్యాసం రాయాలి. కొత్తగదిలో మందులు, పాతదాంట్లో మేత అని అప్పుడే తేల్చేశారు. మేం బయల్దేరేటప్పటికి సూరిబాబు మళ్ళీ తాటాకు నేయించడానికి మనిషిని పిలుస్తున్నారు.

సాయంత్రం కైకలూరు నుంచి కొల్లేటి మధ్యగా ఏలూరు వెళ్ళే రోడ్డు పట్టాం. నీళ్ళ మీద ఎండ వాలుతోంది. సత్యవతి మా అమ్మాయికి ఫోను చేసి, "మీ నాన్న అంబులెన్సులో పుట్టారే," అంది. అవతల నవ్వు వినిపించింది. "నవ్వకు, నా కళ్ళతో చూశాను," అని గదమాయించింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ మా అమ్మ గురించి ఆలోచించాను. ఆ బండి యుద్ధంలో ఎందర్ని మోసిందో, అందులో ఎందరు బతికారో నాకు తెలీదు. యుద్ధం అయిపోయి, రంగు మారి, టిక్కెట్లు కోసే బస్సయ్యాక కూడా ఒక రోజు భీమడోలు దాటాక మళ్ళీ దాని అసలు పని చేసింది. డ్రైవరు అబద్ధం చెప్పలేదు. అమ్మ నమ్మి తప్పు చేయలేదు.

మీ ఊళ్ళోనూ గట్ల మీద, మిల్లుల వెనక ఇలాంటి డొక్కులు ఉండవచ్చు. వెతికేటప్పుడు పక్కలు గీకి నిరాశపడకండి, పైకప్పు చూడండి. అందుకే వెళ్ళేముందు ఫోను చేసి, నిచ్చెన ఉందో లేదో తప్పకుండా అడగండి.