ద్వాళి పేరు ఉందని చెప్పాను

నేను ఒక ముసలామెకు అబద్ధం చెప్పాను. పదేళ్ళు దాటింది. ఒక్క మాట, అంతే. బడిలో పాఠం చెబుతున్నప్పుడూ, పెళ్ళిళ్ళలో నలుగురితో నవ్వుతున్నప్పుడూ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మాది దొరల కుటుంబం. నిజాం కాలంలో గూడూరు వైపు అడవి అంచున ఉన్న ఊళ్ళ మీద మా ముత్తాత పెత్తనం చేశాడు. ఇప్పుడు ఆ కోటలాంటి గడీ లేదు, పెత్తనమూ లేదు. నేను జనగామలో టీచరుగా పనిచేశాను. అన్న భూపాలపల్లిలో ఉంటాడు. మా వంశచరిత్ర పుస్తకంగా రావాలన్నది అన్న కోరిక. పాత కాగితాలు వెతికి రాసే పని నాకు అప్పజెప్పాడు.

ఊరి చెరువు మా ముత్తాతే తవ్వించాడనీ, దాని కింది పొలం పక్కనున్న లంబాడీ తండాకు దానం చేశాడనీ మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ ముచ్చట్లు సేకరిద్దామని తండాకు వెళ్తే అక్కడి జమ్లి అవ్వ వేరే కథ చెప్పింది. అవ్వ వాళ్ళ యాడి, అంటే అమ్మ, పేరు ద్వాళి. కూలి ఇవ్వకుండా వెట్టికి పిలిచి ఆమె చేత చెరువు మట్టి మోయించారు. పసిపిల్ల జమ్లిని గట్టు మీద చీర ఉయ్యాలలో వేసి ఆమె ఆ మట్టి మోసింది. తర్వాత దొరల మీద సాయుధ పోరాటం వచ్చి దొర పట్నం పారిపోతే, చెరువు కింది బీడు దున్ని పంట తీసింది. దొర తిరిగొచ్చి బెదిరించినా ఆ పొలం వదల్లేదు.

అదంతా రాశాను. అన్న కొట్టేశాడు.

"ఇంటి పుస్తకంల వెట్టి ముచ్చట ఎందుకు చెల్లే?" అన్నాడు.

నేను ఎదురు చెప్పలేదు. ఎందుకని? పెద్దవాడన్న గౌరవమా? చాలాకాలం అలాగే అనుకున్నాను, అనుకోవడం సుఖంగా ఉండేది కాబట్టి. నిజమేమిటంటే నాకూ ఆ దానం కథే ఇష్టం. దానం చేసినవాడి మునిమనవరాలినని చెప్పుకోవడం నాకు బాగుండేది.

పుస్తకం ఊళ్ళోనే విడుదల చేశాం. జమ్లి అవ్వ కొత్త గాజులు వేసుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. జనంలోంచి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మా యాడి పేరు గిండ్ల ఉన్నదా దొరసానీ?"

"ఉన్నదవ్వా."

"ఏడున్నది? జర సూపియ్యి."

ఒక పేజీ తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టాను. అవ్వ ఆ వరుసను మెల్లగా తడిమింది. పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. నేను చూపించింది మా ముత్తాత పేరు.

అవ్వ ఆ పుస్తకాన్ని బట్టలో చుట్టి దేవుడి దగ్గర పెట్టిందనీ, మనవళ్ళను కూడా ముట్టనివ్వదనీ తర్వాత తెలిసింది. అప్పుడైనా వెళ్ళి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆ దారి వెంట వెళ్ళడమే మానేశాను.

రిటైరయ్యాక ఒక ఆలోచన వచ్చింది. చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేను. నిజం చేయగలనా? ద్వాళి పేరు పుస్తకంలో చేర్చాలంటే ఎవరూ కాదనలేని రుజువు కావాలి. పాత భూమి రికార్డులు ఉర్దూలో ఉంటాయి. జనగామలో ఒక పెద్దాయన దగ్గర పలకా బలపం పట్టుకుని ఉర్దూ నేర్చుకున్నాను. మహబూబాబాద్ రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళి, ఏ పొలం ఎవరు సాగు చేశారో రాసిన పాత పహాణీలు వెతకడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసి ఉంటారులే అని ద్వాళి భర్త పేరుతో మొదలయ్యే వరుసల కోసం చూశాను. దొరకలేదు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఉత్త చేతులతో వచ్చాను. నా బుద్ధే నన్ను తప్పుదారి పట్టిస్తోందని అర్థమయ్యాక, ఈసారి ఆమె పేరే వెతుకుతూ మొదటినుంచి చదివాను.

చెరువు కింది పొలం. సాగు చేస్తున్నవారి పేరు రాసే చోట, ఆ గొలుసు రాతలో: ద్వాళి, జౌజె భీక్యా. జౌజె అంటే భార్య. మేము దానం చేశామని చెప్పుకునే కాలానికి ఎంతో ముందే ఆ పొలం ఆమె చేతిలో ఉంది. ఇక మేము ఇచ్చిందేముంది?

కుర్చీలోంచి లేచి అరిచేశాను. పక్కనున్న గుమాస్తా కంగారుపడ్డాడు.

"ఏమైంది మేడం?"

"దొరికింది తమ్మీ! దొరికింది!"

ఆ సంతోషం నా పెళ్ళినాడు కూడా ఎరగను.

పుస్తకం మళ్ళీ అచ్చువేయించాను. వెట్టి సంగతి చేర్చాను, దానం తీసేశాను. అన్న నాతో మాట్లాడటం మానేశాడు. మానేయనీ.

కొత్త పుస్తకం పట్టుకుని తండాకు వెళ్ళాను. తండా అంతా పోగయింది. ముందు అబద్ధం సంగతి చెప్పాను. జమ్లి అవ్వ ముందుకొచ్చింది.

"మరి గిన్నేండ్లు నేను మొక్కింది ఎవలకు?"

"మా ముత్తాతకు."

అవ్వ లోపలికి వెళ్ళి పాత పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "గిది నువ్వే ఉంచుకో. ఇగ సదువు. మా యాడి పేరు సదువు."

చదివాను.

"గట్టిగ సదువు! ఆఖరి ఇంటిదాంక ఇనవడాలె!"

గొంతు చించుకుని చదివాను. ఎవరో కేక వేశారు. అవ్వ కోడళ్ళు చప్పట్లు చరిచారు. పిల్లలు ద్వాళి, ద్వాళి అని అరుస్తూ పొలం వైపు పరుగెత్తారు. ఎనభై ఏళ్ళ జమ్లి అవ్వ చీర కొంగు నడుముకు దోపి, ఆడవాళ్ళ మధ్యలోకి వెళ్ళి ఆడింది. వాళ్ళ భాషలో ఏదో పాడారు. నాకు ద్వాళి అన్న మాట తప్ప ఏదీ అర్థం కాలేదు. ఆ ఒక్క మాటా చాలాసార్లు వినిపించింది.

నేను బయల్దేరుతుంటే అవ్వ ఆయాసపడుతూ ఎదురొచ్చింది.

"నిన్ను నేనేమన. గని మర్వ."

మరవమని నేను అడగలేదు. ఆమె మరవకపోవడమే సరైనదని నాకు తెలుసు. ఆమెకు చదువు రాదని తెలిసీ, ఆమె నమ్మకం తెలిసీ, నేను అబద్ధం చెప్పాను. అక్కడ తండా ముందు చెప్పాను, ఇక్కడ మీ ముందు రాశాను. ఇప్పుడు నా దగ్గర దాచిపెట్టుకున్నది ఏదీ లేదు.