టిచ్ బటన్ ముక్క

మా మేడం నిద్రల్నే పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను ఎనుమాముల మార్కెట్ ముంగట ఆటోల ఉన్న. మిర్చి ఘాటుకు అందరి కండ్లూ కారుతున్నయ్. నేను ఏడుస్తున్ననని ఎవ్వరికీ తెలువలే.

డిగ్రీల మాకు జువాలజీ చెప్పిన మేడం ఆమె. స్కూటీ డిక్కీల ఎప్పుడూ గుడ్డపేలికలు, టిచ్ బటన్లు ఉండేటియి. జీన్ల పాఠమొస్తే చాక్‌పీసు ముట్టేది కాదు. రంగురంగుల ముక్కల పట్టీ మా చేతిల పెట్టి, నడిమి ముక్క కత్తిరిచ్చి చివర్లు కలిపి కుట్టమనేది.

"ఒక్క జీన్‌కు ఒక్కటే ప్రోటీన్ అనుకున్నరా? నరాల కణం మహా కంత్రీది. జీన్ పంపే సందేశంల ఏ ముక్క ఉంచాలె, ఏది తీసెయ్యాలె అన్నది అదే చూసుకుంటది. దీన్నే స్ప్లైసింగ్ అంటరు. బటన్ ఉన్న ముక్కనే పోతే, పక్క ప్రోటీన్‌తోని జోడీ కుదరది" అనేది. సూది గుచ్చుకున్నోళ్లకు చాక్లెట్ ఇచ్చేది. మేమేమో టైలరింగ్ క్లాసని నవ్వుకునేటోళ్లం.

ఆ పాఠం నా ఇంటికే వస్తదనుకోలే. నా బిడ్డకు మాటలు రాలే, ఫిట్స్ వచ్చేటియి. ఒక జీన్ సందేశంల చిన్న ముక్క జారిపోతున్నదని టెస్టుల తేలింది. మా అత్తమ్మ బ్లౌజులు కుడ్తది, నోరు గూడ మిషిన్ లెక్కనే. మా ఆలుమగల రిపోర్టుల్ల ఏం లేదని డాక్టర్ చెప్పినా వినలే. "మా దిక్కు ఎవ్వరికి లేదు, కోడలి దిక్కునుంచే వచ్చింది" అని వచ్చిపోయేటోళ్లందరి ముంగట అనేది. అన్నం సయించకపోయేది నాకు.

మేడంకు చెప్పుకొని ఏడ్చిన. తెల్లారే వచ్చింది. వాదన పెట్టుకోలే. మిషిన్ పక్కన కూసొని, రెండు గుడ్డ పట్టీలు తీసి, "అక్కా, ఈ రెండు పట్టీలు జర కలిపి పెట్టుండ్రి" అన్నది.

"ఎట్ల పడ్తది మేడం? దీనికి బటన్ ముక్కనే లేకపాయె. ఆగుండ్రి, కుట్టేస్త" అని అత్తమ్మ సూదిల దారం ఎక్కిచ్చింది.

మేడం ఫక్కున నవ్వింది. మళ్ల నిమ్మలంగ, "బిడ్డ జీన్ల గూడ గట్ల కుట్టేటోళ్ల కోసమే చూస్తున్నం అక్కా. ఇంకా రాలే" అన్నది.

"మరి ముక్క ఎవరు జార్చిండ్రు?"

"ఎవ్వరు గాదక్కా. కడుపుల పడ్డప్పుడే అయిన పొరపాటు. కోడలిది గాదు, కొడుకుది గాదు."

అత్తమ్మ దారం తెంపింది. మేడం ఆ పట్టీలు ఆడనే విడిచిపోయింది. తర్వాత గూడ వచ్చి బిడ్డతోని బటన్లు పెట్టిచ్చేది. "చేతికి పనిస్తే మనసు నిమ్మలమైతది" అని నాకు గూడ చెప్పేది. నా ఇంట్ల నేను తల ఎత్తుకొని తిరుగుతున్ననంటే ఆమె పుణ్యమే.

నిన్న మేడం ఇంటికి బిడ్డను తీస్కొని అత్తమ్మా, నేనూ పోయినం. ఆడ చుట్టపామె ఒకామె బిడ్డను చూసి, "అయ్యో పాపం, ఎవరి దిక్కునుంచి వచ్చిందమ్మా?" అని అడిగింది. నేను అత్తమ్మ దిక్కు చూసిన.

అత్తమ్మ సంచిలకెల్లి పట్టీలు తీసింది. "ఎవ్వరి దిక్కునుంచి రాలేదమ్మా. ఇటు చూడు, మా మేడం చెప్పింది" అని మొదలువెట్టింది. బిడ్డ ఆ పట్టీలు గుంజుకొని, ఉన్న బటన్లను ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని పెట్టుకుంట మేడం ఫోటో ముంగట కూసున్నది.