ఎర్రనూనె సీసా

మొన్న నేను కడిగిన ఒక్క సీసా నా ఉద్యోగానికీ, నా పెళ్ళికీ కలిపి ఎసరు పెట్టింది, వినండర్రా!

వాడరేవు బంగళాలో దిగిన సారు దగ్గర పనికి కుదిరానా? ఆయన సముద్రంలో నలుసంత పురుగుల్ని వలేసి పట్టి, వాటి కొవ్వు తీసి, అవేం తిన్నాయో చెబుతారు. "తిన్నది కొవ్వులో దాగుతుందోయ్" అన్నారోసారి. ఆహా! మా మరదలు రత్నం మనసులో ఏం దాగుందో తీసి చూసే మందు కూడా ఉంటే! ఆ రోజంతా అలల వంక చూస్తూ కూర్చున్నా.

మొన్న సాయంత్రం మావయ్య వస్తానన్నాడు. సారు నా గురించి మంచిమాట చెబితేనే రత్నాన్నిస్తాడట. అందుకని సారు పడవెక్కగానే బల్ల సర్దటం మొదలెట్టా. కొత్తగా ఓ బుల్లి సీసా! అడుగున ఎర్రటి నూనె.

మన గుంటూరు వైపు ఎర్రనూనె అంటే ఇంకేముంటుంది, కూర మీద తేలే కారం నూనె కాక? మూత తీశా. చేప వాసన!

ఇంకేం, దొంగ దొరికాడు. వంటవాడు మస్తాన్!

"ఒరేయ్, రాత్రి ఏం వండావ్?"

"చేపల పులుసు. గిన్నె నాకింది నువ్వేగా!"

"సారు బల్ల మీద పెట్టుకు తిన్నావు కదూ?"

"ఆ పురుగుల బల్ల మీదా? ఛీ!"

"మరి చేతులు దాస్తావేం?"

"దాయటమేంట్రా, పిండి కలుపుతుంటే!"

నా అనుమానం గట్టిపడింది. అయినా మావయ్య వచ్చేవేళ గొడవెందుకని నూనె పారబోసి, ఇసకా కుంకుడు రసమూ వేసి గిలకరించి, తళతళలాడేలా కడిగి బోర్లించా.

సారొచ్చారు. "ఇందులో నూనేదోయ్?"

"పులుసు పడిందండీ. నేనే కడిగేశా!"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలోని పురుగుల కొవ్వట అది! మన పురుగుల కొవ్వుతో పోల్చి చూడమని స్నేహితుడెవరో ఓడలో పంపాడట. "దాని రంగే ఎరుపోయ్!"

గుమ్మంలో మస్తాన్ చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మావయ్య!

"మా మేనల్లుడు ఎలాంటివాడండీ?"

సారు ఖాళీ సీసాని వెలుతురుకెత్తి చూశారు. "తోమటంలో మాత్రం వంక పెట్టలేమండీ."

మావయ్య గిరుక్కున తిరిగి సైకిలెక్కాడు.

ఉద్యోగం పోలేదు లెండి. బల్ల సర్దే పని మస్తాన్‌కిచ్చి, అంట్లు నాకిచ్చారు. నిన్న కబురొచ్చింది. మావయ్య ఇంటికెళ్ళి సారన్న మాట చెప్పి నన్ను తిట్టిపోశాడట. రత్నం అంతా విని, చేసుకుంటే బావనే చేసుకుంటానందట!

ప్రేమేనంటారా, ఇంట్లో అంట్ల గిన్నెలు గుర్తొచ్చాయంటారా?