సంఘంలో సాక్ష్యం

సికిందరాబాదులో కార్ఖానా అనే పేటలో ఒక పెంకుటిల్లు. రెండు గదులు, వెనక కుట్టుమిషన్లు పెట్టిన పంచ. జైలు నుంచి విడుదలై ఇంటికి పోలేని ఆడవాళ్ళు అక్కడ మూడు నెలలు ఉండవచ్చు. ఆ ఇంటిని పదకొండేళ్ళు నడిపిన మార్తను తర్వాతి రోజుల్లో దయామయి అన్నారు. ఆ మాట వినబడితే ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయేది. వినయం అనుకున్నారు. వినయం కాదు.

మార్తది తెనాలి వైపు. భర్త జ్ఞానశేఖర్‌కు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికితే సికిందరాబాదు వచ్చింది. ఆయన పోయాక ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. చర్చి స్త్రీల కమిటీ ఈ ఇల్లు అప్పగించింది. మంచి టీచరు, ఒత్తు తప్పితే ఊరుకునేది కాదు. ఒకటే లోపం: తను మాట్లాడే తెలుగే అందరి తెలుగు అనుకునేది.

పోలీసు చర్య జరిగి ఏడాదిన్నర కావస్తుండగా పుష్పమ్మ వచ్చింది. సూర్యాపేట వైపు పల్లె. ఆమె చేసిన నేరమల్లా తలుపు తట్టిన సంఘం వాళ్ళకు జొన్నరొట్టెలు పెట్టడం. ఆ పల్లెల్లో సంఘం అంటే కమ్యూనిస్టుల సంఘం. వచ్చినవాళ్ళ పేర్లు చెప్పమని కొట్టారు. చెప్పలేదు. పద్నాలుగు నెలలు లోపల ఉంచారు. ఈలోగా భర్త ఇంకొకామెను తెచ్చుకున్నాడు.

బొల్లారంలో ఒక ఆస్పత్రిలో ఆయా పని ఖాళీగా ఉంది, ఉండటానికి గది కూడా ఇస్తారు. పుష్పమ్మకు కావలసింది అదే. కమిటీ అధ్యక్షురాలు మేబెల్ గారు నడత మంచిదని ఉత్తరం ఇవ్వాలి. ఆ ఉత్తరానికి ముందు ఆదివారం చర్చి సంఘం స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం, అంటే తన తప్పులూ దేవుడు చేసిన మేలూ, చెప్పడం ఆనవాయితీ. దొంగతనాల మీద లోపలికి వెళ్ళినవాళ్ళు బ్రహ్మాండంగా చెప్పేవాళ్ళు. మధ్యలో రెండుసార్లు ఏడిస్తే ఉత్తరం పొడుగయ్యేది.

శనివారం మార్త చెప్పింది: “రేపు నువ్వు సంఘంలో సాక్ష్యం చెప్పాలి పుష్పమ్మా. ఏదీ దాచకూడదు.”

పుష్పమ్మ చేతిలో చాట ఆగింది. “సంఘంది సాక్ష్యమా, టీచరమ్మా?”

“అవును, సంఘం ముందే.”

“చెప్పకుంటే?”

“చెప్పకపోతే ఉత్తరం రాదు తల్లీ.”

“జైల్ల సుత గిదే అన్నరు,” అంటూ పుష్పమ్మ మళ్ళీ బియ్యం చెరిగింది.

జైలుకు కూడా ఎవరో బోధకుడు వచ్చేవాడు కాబోలు అనుకుంది మార్త. రోజూ పేపరు చదివే మనిషే, అయినా తట్టలేదు.

మర్నాడు కూటానికి ముప్పై మంది వచ్చారు. కమిటీలోని ఏసురత్నాన్ని దింపడానికి వచ్చిన ఆమె భర్త, పోలీసు జమేదారు, ఖాకీ బట్టల్లో వాకిట నిలబడ్డాడు. పుష్పమ్మ లేచి అటే చూసింది.

“నా పేరు పుష్పమ్మ. మా ఇంటికి ఎవ్వరు రాలే. నేనెవ్వరికి రొట్టె పెట్టలే. నాకు పేర్లు తెల్వయి. గంతే, దొరా.”

“దొరెవరే ఇక్కడ? మేబెల్ గారికి మీసాలు గిట్ల మొలిచినయా?” అంది ఏసురత్నం. కూటమంతా నవ్వింది.

మేబెల్ గారు నవ్వలేదు. “మార్తమ్మా, దేవుని ఎదుట నిలబడి అబద్ధమా? ఈమె మనసు ఇంకా రాయిలాగే ఉందే!”

‘దొరా’ అన్నప్పుడే మార్తకు అర్థమైంది. సంఘం మీద సాక్ష్యం చెప్పమంటున్నారని ఈ మనిషి అనుకుంది. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది: తప్పు నాది, ఆమెకు అర్థమయ్యేలా నేను చెప్పలేదు. కానీ ఇంత చదివిన టీచరుకు ఈ రాజ్యంలో సంఘం అంటే ఏమిటో తెలియదా అని అదే నవ్వు తన మీదికి తిరుగుతుంది. పోలీసు మనిషి ముందు ఆ మాట ఎత్తితే పుష్పమ్మకే ప్రమాదం అని తనకు తాను చెప్పుకుంది. మంచి సాకే. తీరా వాకిట్లోకి చూస్తే ఆ మనిషి అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

“క్షమించండి అమ్మగారూ. ఈమెకు ఇంకా నేర్పాలి,” అంది మార్త.

తెల్లారేసరికి పుష్పమ్మ లేదు. ఇచ్చిన చీర మడతపెట్టి పోయింది.

మూడు రోజులు మార్త కుట్టుమిషన్లకు నూనె పోస్తూ గడిపింది. గురువారం తన సొంత సంతకంతో ఉత్తరం రాసుకుని బొల్లారం వెళ్ళింది. ఆస్పత్రి గుమాస్తా జకర్యా తలెత్తి చూశాడు.

“గా పుష్పమ్మా? సోమవారమే వచ్చింది. ఉత్తరమేదంటే, ‘టీచరమ్మకు నా సంగతి ఎరుకే, జెర అడుగుండ్రి’ అన్నది. మీరొస్తరేమోనని మంగళవారం దాకా చూసినం. నిన్న ఇంకొకామెను పెట్టుకున్నం.”

రెండు వారాల తర్వాత మోండా మార్కెట్లో కనబడింది. ఒక దుకాణం ముందు గోనె మీద కూర్చుని తోటకూర వేళ్ళు కోస్తోంది.

“ఏందీ టీచరమ్మా, కూరకొచ్చినవా?”

మార్త అక్కడే గొంతుకూర్చుని, సంఘమంటే తమ చర్చికి వచ్చేవాళ్ళనీ, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడమనీ, పోలీసులకూ దానికీ సంబంధం లేదనీ చెప్పింది. పుష్పమ్మ పగలబడి నవ్వింది.

“గంతేనా! ఓయమ్మో, నేను ఊరునంత కాపాడిననుకుంటున్న!” నవ్వు ఆపుకుని, “నీకు గప్పుడే సమజైంది గద? నీ మొకం జూసిన నేను,” అంది.

“అయింది.”

“మరి చెప్పకపోతివి?”

“భయం వేసింది.”

“ఎవర్ని జూసి?”

“మేబెల్ గారిని.”

పుష్పమ్మ కత్తి పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. “గామెను జూసా?” అంది. ఎగతాళి కాదు. నిజంగానే అర్థం కాలేదు.

“ఇంటికి రా పుష్పమ్మా. ఇంకో పని చూద్దాం.”

“వద్దు టీచరమ్మా. ఈడ నన్ను ఎవ్వరేం అడుగుతలేరు.” కట్ట ఒకటి అందుకుంది. “జెర పక్కకు జరుగు, బండొస్తుంది.”

మార్త లేచి జరిగింది.