తడి గోనెపట్టా

ఇన్నేళ్లుగా కొండంత బరువు మోస్తున్నానని రాయబోయి ఆగాను. మొదటి మాటకే పెంచి చెప్పబోయాను. కొండంత కాదు. తడిసిన గోనెపట్టా ఎంత బరువుంటుందో అంత. ఎవరైనా ఒంటిచేత్తో ఎత్తగలరు. దాన్ని ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు నా నోరు నా మాట వినదు. ముఖం చూస్తూ చెప్పడం మొదలుపెడితే నడుమకు వచ్చేసరికి నేనే గొప్పవాడినై కూర్చుంటాను. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ నోరు తెరుచుకుని వినరు కదా.

మాది కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఒక ఊరు. ఊరి వెనక ఎర్రరాతి గోడలా నిలబడిన కొండ. శుక్రవారమో సోమవారమో సెలవు పడి శని ఆదివారాలకు అతుక్కుందంటే ఇక ఆ మూడు రోజులూ ఊరు మాది కాదు. తెల్లవారేసరికి బెంగళూరు కార్లు, హైదరాబాదు కార్లు జొన్నచేల గట్ల దాకా వచ్చి నిలబడతాయి. గోడ పొడుగునా రంగురంగుల తాళ్లు వేలాడతాయి. ఒక్కో తాడు కింద బారులు తీరి ఉంటారు. చౌకబియ్యానికి నిలబడినట్టు రాయెక్కడానికి నిలబడతారు. నడుముకు పట్టీలు, తలకు టోపీలు, చేతులకు తెల్లటి పొడి. ఒకడు సగం ఎక్కి అక్కడ ఆలోచనలో పడతాడు. కిందున్నవాళ్లు మర్యాదగా ఓపిక పట్టి, తర్వాత మర్యాద వదిలేస్తారు. ఇంకొకడు పాటల పెట్టె తెస్తాడు. గాలిలో డ్రోను ఒకటి గుయ్యిమంటూ తిరుగుతుంది.

వంతు రావడానికి గంటలు పడుతుంది కాబట్టి అందరూ మా బడ్డీకొట్టు దగ్గరికే వస్తారు. వాళ్లకు ఉగ్గాని, బజ్జీ మా కోడలు పెడుతుంది. కథ నేను పెడతాను.

ఎవరో ఒకరు అడుగుతారు, ఇక్కడ ఎప్పుడో ఒకాయన పడ్డాడట కదా తాతా అని. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాను. నా కథలో ఆ గోడ ఎత్తు ఏటేటా పెరుగుతుంది. నిజానికి అది తాటిచెట్టు కంటే కొంచెం ఎక్కువ. నా లెక్కలో ఇప్పటికి మూడు తాటిచెట్లయింది. తేనెటీగలు సూర్యుణ్ణి కప్పేస్తాయి. పట్నం పిల్లవాడొకడు తాడు కింద గోనె వేయడం మరిచిపోతాడు. నేను ఒట్టి చేతులతో గోడ దిగి, పడిపోయిన మా బావను భుజాన వేసుకుని పైకి వస్తాను. వినేవాళ్ల చేతుల్లో ఉగ్గాని చల్లారిపోతుంది. ఫోన్లలో నన్ను పట్టుకుంటారు. నేను మీసం సర్దుకుంటాను.

అందులో నిజం ఒక్కటే. మా బావ పడ్డాడు.

మా బావ పేరు ఓబులేసు. మా అక్క మొగుడు. ఆ గోడకు పట్టే పెద్ద తేనెతుట్టెలు కోయడం వాళ్ల వంశంలో వస్తున్న పని. మా దిక్కున దానికొక కట్టడి ఉంది. తేనె కోసేవాడు తాడు మీద కిందికి దిగుతాడు. పైన ఆ తాడు పట్టేవాడు అతని బామ్మర్దే అయి ఉండాలి. అన్నదమ్ములు పట్టకూడదు, కొడుకు కూడా పట్టకూడదు. అన్నదమ్ములకు ఆస్తి తగాదాలుంటాయి. బామ్మర్ది మాత్రం, ఏం జరిగినా, తన తోబుట్టువు తాళి తెగనివ్వడు. అందుకని ఆ తాడు అతని చేతికే ఇస్తారు. అక్క పెళ్లయిన ఏడాదే, మీసాలు కూడా రాని నా చేతిలో మా బావ తాడు పెట్టాడు. అప్పటి నుంచి ఊళ్లో నాకున్న గౌరవమంతా ఆ తాడే. నాకు వేరే ఏం వచ్చు గనక? చేలో మంచి పనివాణ్ణి కాదు. మాటలు తప్ప చేతిలో మరో విద్య లేదు. కానీ మా బావ గాలిలో వేలాడుతున్నప్పుడు ఆయన ప్రాణం నా రెండు అరచేతుల్లో ఉండేది. అది పెంచి చెప్పాల్సిన పని లేని సంగతి.

తర్వాత రాళ్లెక్కేవాళ్లు రావడం మొదలైంది. వాళ్లలో మొదటివాడు మధు, బెంగళూరు పిల్లవాడు. వాళ్లమ్మది హిందూపురం, అందుకే తెలుగు బాగా మాట్లాడతాడు, చదువుతాడు. మిగతావాళ్లలా కాదు, వచ్చిన రోజే మా బావ కాళ్ల దగ్గర కూర్చుని గోడ గురించి అడిగాడు. నన్నూ అడిగాడు. గోడ అంచున ఒక నెర్రె ఉంది, తాడు దాంట్లోకి జారకుండా గోనెపట్టాను బాగా తడిపి, రెండు మడతలు పెట్టి, దాని మీదుగా తాడు వదలాలని నేర్పింది నేనే. శ్రద్ధగా నేర్చుకున్నాడు. వాడంటే నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ ఏడు మూడు రోజుల సెలవు వచ్చింది. జనం విరగబడతారని ముందే తెలిసింది. వాళ్లు ఎక్కే చోటికి పక్కనే పెద్ద తుట్టె పట్టి ఉంది. ఎవరినైనా ఈగలు కుడితే కష్టమని, జనం రాకముందే తెల్లారుజామున తేనె కోసేయమని మధు అడిగాడు. మా బావ సరేనన్నాడు. ఎప్పటిలాగే నేను మా గోగునార తాడు భుజాన వేసుకుని బయలుదేరాను. గోడ మీదికి పోయాక, ఎండుగడ్డి పొగమోపు కట్టుకుంటూ, నా ముఖం చూడకుండా అన్నాడు మా బావ.

"బామ్మర్దీ, ఈతూరి తాడు మధు పడతాడులే. నువ్వు అట్ల కుచ్చో."

నేను తమాషా అనుకున్నాను.

"యాల బావా, నా చేతులకు ఏమొచ్చినాది?"

"చేతులకు కాదప్పా. మొన్న నన్ను పైకి లాగేతప్పుడు నీ ఆయాసం నాకు కిందికి ఇనపడినాది. ఈగల మోత కంటే నీ మోతే ఎక్కువుండె."

"మధు తెచ్చిన ఆ సన్న నాడాను నమ్ముకోని దిగుతావా? నీ మొలతాడు దానికంటే లావుండాది."

"ముగ్గుర్ని మోస్తాదంట అది."

"అక్కకు తెలుసునా?"

మా బావ అప్పుడు నా ముఖం చూశాడు.

"మీ యక్కే చెప్పినాది. మా తమ్మునికి గుండెదడ, వానితో ఇంక తాడు పట్టియ్యాకు అని. నీకు చెప్తే నొచ్చుకుంటావని చెప్పల్యా. కుచ్చో సామీ, ఎంతసేపు, ఇట్ల పోయి అట్ల వస్తా."

కూర్చున్నాను. పోట్లాడి ఉంటే బాగుండేది. గోడ అంచున, గోనెపట్టా పక్కనే కూర్చున్నాను. నాలో ఏం జరిగిందో ఈ రోజుకూ సరిగ్గా చెప్పలేను. అక్కా బావా నా మీద దయతలిచారు. అది నాకు దయగా కనిపించలేదు. నా వెనక మాట్లాడుకున్నారు, నేను ముసలివాణ్ణయ్యానని నిర్ణయించారు, నా చేతిలోది తీసి బయటివాడి చేతిలో పెట్టారు. ఎవరి తాళి కాపాడటానికి ఇన్నేళ్లు అరచేతులు కాయలు కాయించుకున్నానో ఆమే నన్ను వద్దంది. నమ్మినవాళ్లు మోసం చేయడమంటే ఇదే అనుకున్నాను. ఇప్పుడు కూడా, ఇది రాస్తున్నప్పుడు కూడా, ఆ ఉదయం తలుచుకుంటే ముందు మండేది అదే. నేను చేసింది ఆ తర్వాత గుర్తొస్తుంది. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు నా గాయమే చూపిస్తున్నాను.

మధు గోనెపట్టా తడిపి వేశాడు. మా బావ దిగాడు. అనుకున్నదానికంటే ముందే జనం వచ్చేశారు. గోడ కింద మొదలైన గోల చూస్తుండగానే గోడ పైకి పాకింది. తేనె కోయడం చూడాలని ఒకరి వెనక ఒకరు అంచు దాకా ఎగబడ్డారు. ఫోన్లు పట్టుకుని ముందుకు వంగుతున్నారు. మధు తాడు పట్టుకునే తల వెనక్కి తిప్పి, వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అని బతిమాలుతున్నాడు.

తుట్టెకు కొంచెం పైన గోడలో ఒక మెట్టు ఉంటుంది. మా బావ అక్కడ నిలబడి పొగ పెడతాడు. ఆ కాసేపు తాడు మీద బరువు ఉండదు, సడలుతుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సడలింది. నేను గోనెపట్టా లాగేశాను.

చంపాలని కాదు. నమ్మండి, నమ్మకపోండి. చిన్నప్పటి నుంచి నాది తుంటరి బుద్ధి. తాడు నెర్రెలో పడుతుంది, కొంచెం బిగుస్తుంది, ఆ పిల్లవాడు చెమటలు కక్కుతాడు, మా బావ కిందినుంచి నన్ను పిలుస్తాడు, నేను తాపీగా లేచి పోయి ఒక్క ఊపుతో ఎత్తి పడేస్తాను. అందరూ చూస్తుండగా. మా గోగునార తాడు అలా ఎన్నిసార్లు పడలేదు? లావుపాటి తాడు, నెర్రె నోట్లోనే ఆగేది. మోకాలు ఆనించి ఎత్తితే వచ్చేది. ఇది సన్నది. మొలతాడులా ఉందని ఎగతాళి చేసింది నేనే. సన్న తాడు నెర్రె లోపలికంటా దిగిపోతుందని ఆ క్షణం నాకు తట్టలేదు. ఎన్నో ఏళ్లు తాడు పట్టినవాడికి తట్టలేదు.

మా బావ మెట్టు వదిలి దిగాడు. తాడు నెర్రెలో పడింది. బిగిసింది. మధు లాగాడు. రాలేదు. పైకీ రాదు, కిందికీ పోదు. పొగమోపు ఆరిపోయింది. డ్రోను ఒకటి తుట్టె దగ్గరికి వచ్చి చూస్తోంది. ఈగలు లేచాయి.

"బామ్మర్దీ" అని పిలిచాడు మా బావ.

తాడు పట్టింది మధు. పిలిచింది నన్ను.

అసలు ఒప్పుకోవలసింది ఇక్కడ ఉంది. గోనె లాగడం కంటే ఇది పెద్దది. ఆ పిలుపు విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. నేను వెంటనే లేవలేదు. ఇంకొకసారి పిలవనీ అనుకున్నాను. పిలిచాడు. అప్పుడు లేచాను.

వేళ్లు నెర్రెలో దూరలేదు. నావీ దూరలేదు, మధువీ దూరలేదు. వేలిచర్మం ఊడేదాకా పెట్టి చూశాము. కింద మా బావ అరుపు మాటలు కాకుండా పోయింది. చివరికి ఆయనే తేనెకోసే కొడవలితో తన తాడు తెంపుకున్నాడు. కింద ఉన్న రాతి అరుగు మీద పడ్డాడు. తుంటి విరిగింది.

భుజాన మోసుకొచ్చింది నేను కాదు. గుడారం గుడ్డతో డోలీ కట్టి, ఈగలు కుడుతున్నా దింపుకొచ్చింది బారులు తీరి నిలబడిన ఆ పట్నం పిల్లలే. అందరూ గోనెపట్టా ఏదీ, గోనెపట్టా ఏదీ అని వెతికారు. నేను మళ్లీ కూర్చున్నాను. అది నా కింద ఉంది. పంచె వెనకంతా తడిసిపోయింది. ఒక్కరూ నా వెనక వైపు చూడలేదు.

ఎవరి కాలో తగిలి జారిపోయి ఉంటుందన్నారు కొందరు. అసలు వేయలేదేమో అన్నారు కొందరు. ఊరు మాత్రం ఒకే మాట అంది. బామ్మర్ది పట్టాల్సిన తాడు బయటివాడికిస్తే ఇట్లే అవుతుందని. నా గౌరవం రెండింతలైంది. మంచం మీద పడుకుని మా బావ నా చెయ్యి పట్టుకున్నాడు. నీ చేతిలో తాడు తీసుకున్నందుకు అనుభవిస్తున్నానన్నాడు, మనసులో పెట్టుకోవద్దన్నాడు. నేను తల ఊపాను. క్షమించినట్టు తల ఊపాను. ఆ తర్వాత ఆయన తేనెకు పోలేదు, కర్ర లేకుండా నడవలేదు. పోయిన వేసవిలో చనిపోయాడు. మా అక్క ఇప్పటికీ వచ్చినవాళ్లకు చెబుతుంది, ఆ పొద్దు మా తమ్ముడే పట్టి ఉంటే అని. చెప్పి నాకు అన్నం వడ్డిస్తుంది.

ఇక మధు. వాడు మళ్లీ గోడ ఎక్కలేదు. కానీ ప్రతి సెలవుకూ వస్తాడు. నెరిసిన గడ్డంతో గోడ అంచున నిలబడి, ముక్కూ ముఖం తెలియనివాళ్ల తాళ్ల కింద తడి గోనెలు వేస్తుంటాడు. బిందెతో నీళ్లు మోసుకుపోయి ఆరినవాటిని మళ్లీ తడుపుతాడు. నేను బడ్డీ దగ్గర కథ చెబుతున్నప్పుడు చాలాసార్లు వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పట్నం పిల్లవాడు గోనె మరిచిపోయాడు అన్న చోట నా గొంతు తగ్గదు. వాడు తల దించుకుంటాడు.

మొన్నటి సెలవుల్లో, జనం పలచబడ్డాక, నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"తాతా, ఆ రోజు నేను గోనె వేశానా? వేసినట్టే గుర్తుంది. చేతులు తడిసినట్టు కూడా గుర్తుంది. కానీ నన్ను నేను నమ్మలేకపోతున్నాను. మీరు పక్కనే ఉన్నారు కదా."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. పక్కన ఇంకెవరూ లేరు. మా బావ లేడు. నోరు తెరిచాను.

"యాడ గుర్తుంటాది నాయనా" అన్నాను. "పెద్ద గాలి ఆ పొద్దు."

గాలి లేదు. ఆకు కదల్లేదు. వాడు సరేనని తల ఊపి, గోనెలు ఎత్తుకుని వెళ్లిపోయాడు. నన్ను వాళ్లు మోసం చేశారని ఇన్నేళ్లు కుమిలాను. మరి ఆ పిల్లవాణ్ణి తన చేతుల్నే నమ్మకుండా చేసినవాణ్ణి ఏమనాలి?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. ఉన్నవాళ్లలో ఒకడు చనిపోయాడు, ఇంకొకడు నీళ్లు మోస్తున్నాడు, ఇంకొకామె అన్నం పెడుతోంది. ఈ పుటలు వాళ్లకు చేరితే చేరనీ. చేరాక నాకు ఆ కంచం ఉండదని తెలుసు.

చెప్పవలసింది ఇంకొక్కటే, దీన్ని పెంచకుండా, తగ్గించకుండా చెబుతాను. ఆ రోజు గాలి లేదు. ఎవరి కాలూ తగల్లేదు. మధు గోనె వేశాడు. బాగా తడిపి, రెండు మడతలు పెట్టి, నేను నేర్పినట్టే వేశాడు. నేను తీశాను.